మేజిక్ ఐ

మీట తిప్పగానే పలికేదానివి కాదు నువ్వు, పాత వాల్వు రేడియో. ముందు డయలు వెనక పసుప్పచ్చగా దీపం వెలిగేది. లోపల వాల్వులు వేడెక్కాలి. ఆ అరనిమిషం ఇల్లంతా నీ ముందు ఊపిరి బిగబట్టి కూర్చునేది. కాలిన దుమ్ము వాసన, చెక్కపెట్టె వెచ్చదనం, సన్నటి గురగుర, ఆ తర్వాత గొంతు. హిట్లరు కాలంలో ప్రాగ్ వదిలి బొంబాయి చేరిన వాల్టర్ కౌఫ్‌మన్ కట్టిన ఆకాశవాణి బాణీ, పెనుకొండ పల్లెల్లో కోడికూతకు జతగా వినపడేది. ఎక్కడి మనిషి, ఎక్కడి తెల్లవారుజాము!

మర్ఫీవో, ఫిలిప్స్‌వో, బుష్‌వో, ఎవరైతేనేం. నీ నుదుటి మీద ఆ పచ్చని కన్ను, ఆ మేజిక్ ఐ చాలు. ముల్లు జరుపుతుంటే అందులోని నల్లని చీలిక విచ్చుకునేది, ముడుచుకునేది. స్టేషను సరిగ్గా తగిలిందా, పిల్లి కన్నులా సన్నబడిపోయేది. వెంట్రుకవాసి దాటితే మళ్లీ గరగర. బొటనవేలితో తోస్తే వచ్చే పాటకు ఈ వేట సుఖం లేదు. చాదస్తమంటారా, అనండి.

ధర్మవరంలో మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకు కూర్చున్న నేతన్నకు గూట్లో నువ్వే తోడు. చేతులు పట్టుకు, చెవులు నీకు. సెనక్కాయలు ఒలిచే అరుగు మీదా నువ్వే. 1963లో మొదలైన కడప కేంద్రం 900 కిలోహెర్ట్జ్ మీద మా యాసకు దగ్గరగా మాట్లాడేది. హిందూపురంలో ముల్లు కాస్త జరిపితే బెంగళూరు కన్నడం. షార్ట్‌వేవ్‌కి మారిస్తే సముద్రం అవతల కొలంబో నుంచి అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై తెలుగు పలకరింపు. ఆ గొంతు అలలా పొంగేది, మునిగేది. మునిగినప్పుడు పాటను మేమే పూర్తిచేసుకునేవాళ్లం.

పుట్టపర్తి ఇంకో రేడియోను చూసింది. 2001 నవంబరు 23న సత్యసాయి భజనలు వినిపించే రేడియో సాయి ఉపగ్రహం ఎక్కింది. వినడానికి వరల్డ్‌స్పేస్ కంపెనీ పెట్టె కావాల్సొచ్చేది. గరగర లేని శబ్దం, గాజులా ఉండేది. 2009 చివర్లో మన దేశంలో ఆ సేవ ఆగిపోయింది. పెట్టె పాడవలేదు, ఉపగ్రహం రాలిపడలేదు, కంపెనీ దివాలా తీసింది. భజన ఇంటర్నెట్‌లోకి వెళ్లింది. పెట్టెలు మూగబోయాయి.

నీకూ అదే గతి పట్టిస్తున్నారు. ఆకాశవాణి మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లు దేశమంతటా ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. అందరూ ఎఫ్.ఎం.కి మారమంటున్నారు. కొండలు దాటి నేలబారున పల్లెపల్లెకూ పాకే అల మీడియం వేవ్‌ది. ఎఫ్.ఎం. గొంతు తేట, కానీ కొండ అడ్డొస్తే నీరసిస్తుంది. పైగా నీ కాలపు పెట్టెల్లో చాలావాటికి ఎఫ్.ఎం. ఎక్కదు. కండెన్సర్ మార్చి, డయలు దారం బిగించి నిన్ను బతికించే మెకానిక్ దొరికినా, నువ్వు వినిపించడానికి పైనుంచి ఓ గొంతు రావాలి కదా.

అయ్యా, అటకమీద ఇలాంటి పెట్టె ఉంటే పాత సామాన్ల బండికి వేయకండి. దించగానే ప్లగ్గులో పెట్టకండి కూడా, ముసలి కండెన్సర్లు పేలతాయి. తెలిసినవాళ్లకు చూపించి, మేడ మీద కాస్త పొడుగ్గా ఏరియల్ వైరు కట్టి, రాత్రిపూట ముల్లు తిప్పండి. ఏది తగిలినా వినండి. అనంతపురం కేంద్రం 101.7 మీద పలుకుతుంది, దానికి మాత్రం చిన్న ఎఫ్.ఎం. సెట్టు చాలు. విన్నాక ఆ కేంద్రానికి ఒక కార్డుముక్క రాయండి, మీ ఊరి పేరు పెట్టి.