వార్నింగ్ లైటును ఆర్పే దారులు

ఖరీదైన కారు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిందని సంబరపడ్డవాళ్లను కొన్నాళ్లకే బెదరగొట్టే బిల్లుల్లో ఎలక్ట్రానిక్ షాక్ అబ్జార్బర్లది ఒకటి. మామూలు షాకులో ఆయిలు, పిస్టన్, ఆ పిస్టన్‌కి సన్నని దారులు ఉంటాయి. బండి గుంతలో పడ్డప్పుడు ఆయిలు ఆ దారుల్లోంచి కష్టంగా దూరి ఊపును వేడిగా మార్చేస్తుంది. ఎలక్ట్రానిక్ రకంలో ఆయిలు ఎంత కష్టపడి దూరాలో కంప్యూటర్ క్షణక్షణం నిర్ణయిస్తుంది. జెడ్‌ఎఫ్ కంపెనీ వారి సీడీసీ షాకుల్లో ఆ పని కరెంటుతో కదిలే వాల్వుది. 2002లో కాడిలాక్ సెవిల్‌తో వచ్చిన మాగ్నరైడ్‌లో ఆయిల్లోనే ఇనుప రజను కలిపి ఉంటుంది; కాయిల్‌లో కరెంటు పెరిగేకొద్దీ అది చిక్కబడుతుంది. ఇంత పనితనం ఉన్న వస్తువు లీకైతే కొత్తదాని ధర మామూలు షాకుకు ఎన్నో రెట్లు. అందుకే నాలుగూ తీసేసి మామూలువి వేయించుకోవడం అమెరికాలో ఎప్పటినుంచో ఉంది. అక్కడ దానికి కిట్లే అమ్ముతారు. అలా మార్చడాన్ని నేను తప్పుపట్టను. లీకైన ఎలక్ట్రానిక్ షాకు కంటే మంచి స్థితిలో ఉన్న మామూలు షాకు ఎంతో నయం. చక్రాన్ని రోడ్డుకు అంటిపెట్టి ఉంచేది పనిచేసే షాకే. నా అభ్యంతరమంతా ఆ తర్వాత చేసే పని మీద.

మామూలు షాకుకి వైరు ఉండదు. పాత కనెక్టర్ ఖాళీగా వేలాడుతుంది, కరెంటు పంపి చూసిన కంప్యూటర్‌కి అవతల ఎవరూ దొరకరు, డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. దాన్ని ఆర్పడానికి కనెక్టర్‌లో ఒక రెసిస్టర్ పెడతారు. తీసేసిన కాయిల్ ఎన్ని ఓమ్‌లో ఇదీ అన్నే ఓమ్‌లు. రాని పిల్లాడి తరఫున పక్కవాడు ‘ప్రెజెంట్ సార్’ అన్నట్టు, కంప్యూటర్ లెక్కలో షాకు హాజరు. కరెంటు మాత్రం నిజంగానే పారుతుంది. 3 ఓమ్‌ల రెసిస్టర్లో 1 ఆంపియర్ పారితే 3 వాట్ల వేడి, 2 ఆంపియర్లు పారితే 12 వాట్లు. షాకు లోపలి కాయిల్‌కైతే ఆ వేడిని లాక్కోవడానికి చుట్టూ లోహమూ ఆయిలూ ఉన్నాయి. అల్యూమినియం తొడుగున్న రెసిస్టర్‌ను ఛాసిస్ లోహానికి బిగిస్తే ఆ తొడుగు కొంత వేడిని దానికి అప్పగిస్తుంది. అదే రెసిస్టర్‌ను ఇన్సులేషన్ టేపు చుట్టి, చక్రం పైన బురద చిమ్మే చోట ప్లాస్టిక్ ట్యాగుతో వైరింగ్‌కే కట్టేస్తే వేడికి పోయే దారి లేదు. ముందు టేపు జిగురు కారుతుంది, తర్వాత పక్క వైర్ల తొడుగులు మెత్తబడతాయి.

‘లైటు అలాగే వెలుగుతుంటే మరో లోపం వచ్చినా పట్టించుకోం కదా’ అంటారు. ఇది గట్టి వాదన, ఒప్పుకుంటాను. రోజూ వెలిగే లైటును మూడో రోజు నుంచి కన్ను చూడదు. పైగా కొన్ని కార్లు ఈ లోపం కనిపిస్తే వేగానికీ పరిమితి పెడతాయి. కానీ దానికి మొదటి మందు రెసిస్టర్ కాదు. ఒకే మోడల్‌ను కంపెనీలు తరచూ ఎలక్ట్రానిక్ షాకులతోనూ, అవి లేకుండానూ అమ్ముతాయి. అలాంటి చాలా కార్లలో స్కానర్‌తో కోడింగ్ మార్చి, ఈ బండికి ఆ షాకులు లేవని కంప్యూటర్‌కి చెప్పేయవచ్చు. లైటు ఆరుతుంది, అబద్ధమూ ఉండదు. అది కుదరని కార్లున్నాయి. వాటికి ఆ మోడల్ కోసమే తయారుచేసిన బైపాస్ మాడ్యూల్‌ను ఒప్పుకోవచ్చు. లెక్క తెలియకుండా పెట్టిన నాలుగు రెసిస్టర్లను మాత్రం ఒప్పుకోలేం.

ఇంతకంటే నన్ను కలవరపెట్టేది సగం మార్పు. ముందు రెండు లీకయ్యాయని వాటి స్థానంలో మామూలువి వేసి, రెసిస్టర్లు పెట్టి, వెనకవి ఎలక్ట్రానిక్‌వే ఉంచేస్తారు. కంప్యూటర్ నాలుగూ తన మాట వింటున్నాయనే అనుకుంటుంది. అడ్డొచ్చిన వాహనాన్ని తప్పించడానికి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పితే అది నాలుగింటినీ గట్టిపడమంటుంది, గట్టిపడేవి వెనక రెండే. ఆ క్షణంలో బరువు అటునుంచి ఇటు మారే భారం వెనక టైర్ల మీద ఎక్కువ పడి, కారు తోక జారే వైపు మొగ్గుతుంది. లైటు వెలిగి ఉంటే ఆ కంప్యూటర్ చాలా కార్లలో ప్రయత్నం మానేసి అన్నిటినీ ఒకే స్థితిలో వదిలేసేది. ఆర్పడం వల్ల పోయిన రక్షణ అదే. ఎయిర్ సస్పెన్షన్ తీసి స్ప్రింగులు వేసేవాళ్లు ఎత్తును కొలిచే సెన్సర్లనూ చూసుకోవాలి. కొన్ని కార్లలో హెడ్‌లైట్ల వంపు సరిచేసేది కూడా వాటి లెక్కతోనే.

‘నా కారు, నా డబ్బు’ అనేవాళ్లకు ఒక మాట. ప్రైవేటు కారు ఆర్‌సీలో షాకుల వివరం ఉండదు, పొల్యూషన్ పరీక్షలో అది తేలదు. మీ చేతి నుంచి కారు కొనేవాడికి ఆరిన లైటు తప్ప ఆధారం లేదు. ఇది లగ్జరీ కార్లకే పరిమితమైన సంగతీ కాదు: 2024 నవంబరులో మహీంద్రా తెచ్చిన బీఈ 6, ఎక్స్‌ఈవీ 9ఈ కార్లలోనే ఈ తరహా షాకులు వచ్చేశాయి. వాటికీ వయసు వస్తుంది, గ్యారేజీలో ఇదే బేరం మొదలవుతుంది. మార్చుకోండి, నాలుగూ మార్చుకోండి, కోడింగ్ కుదురుతుందేమో ముందు అడగండి. ఏం వేశారో, లైటును ఏ దారిలో ఆర్పారో మెకానిక్ చేత బిల్లు మీద రాయించుకుని, కారు అమ్మే రోజున ఆ బిల్లును కొనేవాళ్ల చేతికివ్వండి.