గ్రూపు చెప్పిన గుమాస్తా

డల్లాస్ నుంచి మా పెదనాన్నగారి అబ్బాయి ఫోన్ చేసి దాదాపు ఏడ్చినంత పని చేశాడు. వాడి కొడుకు టెక్సాస్‌లోనే ఒక స్టేట్ యూనివర్సిటీలో చేరాడు. చేరాడు గానీ మేజర్ ఏమిటో చెప్పలేదు. ఆ కాలమ్‌లో ‘అన్‌డిక్లేర్డ్’ అని పడిందట. "శనివారం భోజనాలకి ఎవరింటికీ వెళ్ళలేకపోతున్నాంరా, పిల్లాడేం చదువుతున్నాడంటే ఏం చెప్పను?" అన్నాడు.

నాకు మాత్రం మహా సంతోషం వేసింది. ఎందుకో పాత పాఠకులకు వేరే చెప్పక్కర్లేదు. ఏటా ఇంజనీరింగ్ వెబ్ ఆప్షన్ల రోజుల్లో ఇదే చోట నేను పెట్టే గోల ఉండనే ఉంది. 1986లో ఎంసెట్ పుట్టింది, ఇప్పుడది ఈఏపీసెట్ అయింది, ర్యాంకు చూసి బ్రాంచి తేల్చడం మాత్రం అలాగే ఉంది. పదిహేడేళ్ళ పిల్లని నెట్ సెంటర్లో కూచోబెట్టి, సీఎస్ఈ, దాని కింద సీఎస్ఈ ఏఐ, దాని కింద సీఎస్ఈ డేటా సైన్స్ అని ఆపరేటరే టకటకా కొట్టేసి, "ఫ్రీజ్ చేసెయ్యమంటారా సార్?" అని వాళ్ళ నాన్నని అడుగుతాడు. అమెరికాలో చాలాచోట్ల రెండో ఏడాది ముగిసేలోగా మేజర్ చెబితే చాలు. అందాకా దారి చూపడానికి అడ్వైజర్ ఉంటారు. హార్వర్డ్‌కి 1869లో అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్, అందరూ ఒకే పాఠం చదివే పద్ధతిని క్రమంగా తీసేసి, కోర్సులు ఎవరికి వాళ్ళే ఎంచుకోమన్నాడు. ఎంచుకోమన్నాక, ఎలా ఎంచుకోవాలో చెప్పే మనిషీ కావాలి కదా. 1979 నాటికి ఆ అడ్వైజర్లకి ఒక జాతీయ సంఘమే ఏర్పడింది.

అబ్బాయికి ఫోనివ్వమన్నాను. అడ్వైజర్ ఏం చెప్పిందిరా అంటే, "పెద్దగా ఏం లేదు బాబాయ్. కాలిక్యులస్ ఇప్పుడే తీసుకోమంది. ఇప్పుడు వదిలేస్తే, రేపు ఇంజనీరింగ్ కావాలనుకున్నా ఏడాది వెనకబడతావంది. సైకాలజీ ఏ మేజర్‌కైనా లెక్కలోకి వస్తుందంది. అంతే."

"నీకేం ఇష్టమని అడగలేదా?"

"లేదు. ఉన్నదే పదిహేను నిమిషాలు."

నాకు చిర్రెత్తుకొచ్చింది. రైల్వే ఎంక్వైరీలో ప్లాట్‌ఫారం నంబరు చెప్పినట్టు చెప్పడానికా ఇంత హంగు?

ఆ చిరాకులోనే మా కాలేజీ హెడ్ క్లర్కు గారు గుర్తొచ్చారు. ఎనభైల మొదట్లో, జిల్లాలో ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. ఇంటర్లో బైపీసీ చదివినవాడు డిగ్రీలో బీజెడ్‌సీ కాక మరేం చదువుతాడు? ఫారంలో అదే రాసి వరండాలో లైన్లో నుంచున్నాను. ఆయన ముక్కుపొడి డబ్బీ మూతపెట్టి, ఫారం అటూ ఇటూ తిప్పి, "ఏ ఊరు?" అన్నారు. చెప్పాను. "ఆఖరి బస్సెన్నింటికి?" నాలుగింటికండీ అన్నాను. "ప్రాక్టికల్స్ నాలుగున్నర దాకా ఉంటాయి. హాస్టల్లో ఉంటావా?" ఉండలేను. ఆయన గొంతు తగ్గించారు. "కెమిస్ట్రీలో రెండు పోస్టులు ఖాళీ. జువాలజీ ఆయనకి బదిలీ ఆర్డరొచ్చింది, ఇంకా బయటికి తెలీదు. మైక్రోస్కోపులు పదిమందికొకటి. హెచ్ఈపీకైతే, అదే హిస్టరీ, ఎకనామిక్స్, పాలిటిక్స్‌కి, ముగ్గురు మాస్టార్లూ ఉన్నారు, ముగ్గురూ రోజూ వస్తారు. వెళ్ళి ఎకనామిక్స్ క్లాసులో కూచో, ఎవరూ ఏమీ అనరు. ఫీజు శుక్రవారం దాకా కట్టొచ్చు."

కూచున్నాను. కోతలవగానే ధాన్యం ధర ఎందుకు పడిపోతుందో, గిడ్డంగి ఉన్నవాడికి ఆ బాధ ఎందుకుండదో ఆ పూట మాస్టారు లెక్క వేసి చూపించారు. మా నాన్న ఏటా నెత్తి కొట్టుకునే సంగతి అది, బోర్డు మీద రెండు గీతలుగా కనిపించింది. శుక్రవారం హెచ్ఈపీకి ఫీజు కట్టేశాను. బొటనీ రికార్డు కోసం ముందే కొనిపెట్టుకున్న డ్రాయింగ్ షీట్లు మా చెల్లెలికిచ్చాను.

హెడ్ క్లర్కు గారు కూడా నాకేం ఇష్టమని అడగలేదు. అడిగినా చెప్పడానికి నాకేం తెలుసు? చూడని సబ్జెక్టు మీద ఇష్టం ఎక్కణ్నుంచి వస్తుంది? ఏ తలుపు తెరిచి ఉంది, ఏది ఎప్పుడు మూస్తారు అన్నది ఆయన చెప్పారు. డల్లాస్ అబ్బాయికి ఆవిడ చెప్పిందీ అదే. అయితే మా క్లాసు ఆడపిల్లలెవరూ ఆయన బల్ల దాకా రాలేదు. వాళ్ళ ఫారాలు అన్నయ్యలు తెచ్చిచ్చి పోయేవారు. సలహా మొత్తం ఒక మనిషి నోట్లో ఉంటే వచ్చే చిక్కిది.

పిల్లలకి గడువిస్తే చాలు, దారి వాళ్ళే చూసుకుంటారని ఇన్నాళ్ళూ నా వాదన. తిరుపతిలోని కేంద్ర విజ్ఞాన విద్యాసంస్థ ఐసర్‌లో ఆ గడువు ఉంది. నాలుగు శాస్త్రాలూ అందరూ కలిసి చదివాకే మేజర్. కానీ గడువు ఒక్కటే ఇచ్చి చెప్పే దిక్కు లేకపోతే, పక్కవాడు ఎటు పోతే అటు పోవడమే. ఆంధ్రాలో మామూలు డిగ్రీకి ఆ గడువూ పోయింది. మూడు సబ్జెక్టులూ సమానంగా చదివే రోజుల్లో ఏది మనదో పీజీ దాకా తేల్చకపోయినా గడిచేది. 2023-24లో, చేరేటప్పుడే ఒక్క మేజర్ చెప్పాలన్న పద్ధతి పెట్టారు. చెప్పేముందు ఎవర్ని అడగాలి? కాగితం మీద మెంటర్ ఉంటారు. కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తోందంటే మెంటర్-మెంటీ రిజిస్టర్లో ఏడాది సంతకాలు ఒక్క సాయంత్రంలో పడిపోవడం లెక్చరర్లందరూ ఎరిగిన సంగతే.

కౌన్సెలింగ్ సెల్లులూ, అభిరుచి పరీక్షలూ తర్వాత చూసుకోవచ్చు. ముందు నోటీసు బోర్డు మీద ఒక్క కాగితం అంటించమనండి. ఏ మేజర్‌కి పర్మనెంటు లెక్చరర్లు ఎందరు, ఏ ల్యాబుకి తాళం ఎప్పట్నుంచి, ఏ మైనర్‌తో బీఈడీలో ఏ మెథడాలజీ వస్తుంది, ఏ పీజీకి అర్హత పోతుంది, మార్చుకోవడానికి ఆఖరు తేదీ ఏది. అది టైపు చేయగలిగిన మనిషి ప్రతి కాలేజీ ఆఫీసులోనూ ఉంటాడు. ప్రిన్సిపాల్‌గారు దానిమీద సంతకం పెడతారా అన్నదే నా అనుమానం.