తోటమాలి శామ్

టోల్కీన్ ‘ద లార్డ్ ఆఫ్ ద రింగ్స్’ (1954–55)లో నా ఓటు తోటమాలి శామ్‌కే. మొదట్లో కిటికీ కింద గడ్డి కత్తిరిస్తూ లోపలి మాటలు వింటాడు. మాంత్రికుడు గాండాల్ఫ్ చెవి పట్టుకు లాగితే, తనను ఏ వింత జంతువుగానో మార్చేస్తాడని గజగజ వణుకుతాడు. ఆ పిరికివాడే యజమాని ఫ్రోడో కోసం రాక్షసి సాలీడు షెలోబ్ మీదికి కత్తి దూస్తాడు. వంటగిన్నెలు మోస్తూ, ఫ్రోడో తిన్నాడో లేదో చూసుకుంటూ నడిచిన దారిలో వచ్చిన ధైర్యమది. మాయా ఉంగరం ఆశపెట్టినా, రాజ్యమంత తోట నాకెందుకు, నా చేతులకు సరిపడేంత చాలనుకుంటాడు. పనివాడి లెక్క అలాగే ఉంటుంది మరి! ఆ ఉంగరం కోసం సాగిన యుద్ధం ముగిశాక, ఊళ్లో చెట్లు నరికేసిన చోటల్లా మొక్కలు నాటి, ఎల్ఫ్ దొరసాని గలాడ్రియెల్ ఇచ్చిన మట్టిని ఒక్కోదాని మొదట్లో రవ్వంత వేస్తాడు. పీటర్ జాక్సన్ సినిమాలో ఈ ఘట్టం లేదు, పుస్తకమే చదవండి.