బస్తాలో ఉన్నది, లెక్కలో ఉన్నది

చౌకధరల దుకాణంలో సరుకు రెండు చోట్ల ఉంటుంది. గదిలో పేర్చిన బస్తాల్లో ఉన్నది ఒకటి, వేలిముద్ర తీసుకునే ఈ-పాస్ యంత్రం వెనకున్న సర్వర్‌లో ఉన్నది మరొకటి. సర్వర్ మొరాయించి ముసలివాళ్లు ఖాళీ సంచులతో గంటల తరబడి కూర్చోవలసి వచ్చిన ఈ వారం, యంత్రాన్నే తీసేయాలన్న మాట మళ్లీ వినిపించింది. నిలదీయాల్సింది వేలిని కాదు, బస్తానని ఎప్పటినుంచో వాదిస్తున్న ఈ శీర్షికకు ఆ కోపం పరిచయమైనదే.

బియ్యం మిల్లు నుంచి పౌరసరఫరాల గోదాముకు, అక్కడి నుంచి ఎంఎల్ఎస్ (మండల స్థాయి నిల్వ) పాయింటుకు, చివరకు డీలర్ దగ్గరకు చేరుతుంది. వేలిముద్ర సరిపోతే కార్డుదారు వాటా ఇచ్చినట్టు నమోదవుతుంది. నెలాఖరున యంత్రం చూపే ముగింపు నిల్వను బట్టి వచ్చే నెల కోటా కోస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో కాటాను కూడా యంత్రానికి జోడించారు. కార్డుదారుకు కిలోల్లో తూచి ఇవ్వాల్సిన డీలర్‌కు గోదాములో మాత్రం బస్తాల లెక్కన సరుకు అందితే, గోనె బరువూ దారిలో పోయిన తరుగూ అతని నెత్తినే పడతాయి. చివరికి ఆ భారం కార్డుదారు సంచిలోకే దిగుతుంది.

ముగింపు నిల్వ అన్న ఆ ఒక్క అంకె ఎంత పని చేయగలదో జార్ఖండ్ చూపించింది. అక్కడ 2017 జూలైలో, పంపిన బియ్యంలోంచి యంత్రంపై నమోదైన పంపిణీని తీసేసి, మిగిలినదంతా డీలర్ల దగ్గరే ఉందని లెక్కగట్టారు. ఆ మేరకు కొత్త కోటా తగ్గించారు. కాగితం మీద తప్పుపట్టడానికి ఏమీ లేదు. గదుల్లో మాత్రం అంత బియ్యం లేదు. కొంత ఎప్పుడో పక్కదారి పట్టింది. యంత్రం పనిచేయని రోజుల్లో రిజిస్టరులో రాసి ఇచ్చినదీ, పాడైనదీ ఉంటే అవి కూడా సర్వర్ దృష్టిలో నిల్వే. తక్కువ బియ్యం అందుకున్న డీలర్లు ఆ కోతను కార్డుదారులకు పంచారు. ఆర్థికవేత్తలు కార్తిక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తంకర్ దీన్ని లోతుగా పరిశీలించారు. వేలిముద్ర ఒక్కటే దొంగతనాన్ని తగ్గించలేదనీ, ఆధార్ జతకాని కుటుంబాలను నష్టపరిచిందనీ తేల్చారు. కోటా కోతతో దోపిడీ తగ్గిన మాట నిజమే, కానీ పేదల వాటా కూడా తగ్గింది. కొన్ని నెలలకే ప్రభుత్వం ఆ కోతను ఆపేసింది.

ఇంతవరకు వచ్చాక యంత్రం వద్దనడం తేలిక. అయితే 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య, గుజరాత్, మహారాష్ట్రల మధ్య రేషన్ కార్డు ఎక్కడైనా చెల్లే ఏర్పాటు మొదలైంది. ఆంధ్రప్రదేశ్ నుంచి హైదరాబాద్‌కు వచ్చిన మేస్త్రీ తన బియ్యం తానున్న చోటే తీసుకోవాలంటే, పంపిణీ జరిగిన క్షణానే అది అన్ని దుకాణాలకూ తెలియాలి. చేతిరాత రిజిస్టరు వల్ల ఆ పని కాదు. వేలిముద్ర మీద ఈ శీర్షికకున్న అనుమానం పోలేదు, రాళ్లెత్తి అరిగిన వేళ్లకు ఐరిస్ గానీ ఓటీపీ గానీ ఉండి తీరాలి. అయినా కార్డును ఒక్క డీలర్ గుప్పిట్లోంచి విడిపించింది ఈ యంత్రమే.

ఆ స్వేచ్ఛ నిల్వ లెక్కను కష్టతరం చేసింది. కార్డులు దుకాణానికి కట్టుబడి ఉన్నప్పుడు ఎంత బియ్యం కావాలో కిలోతో సహా ముందే తెలిసేది. ఇప్పుడు వలస ఎక్కువున్న బస్తీలో పదో తేదీకే సరుకు అయిపోవచ్చు, ఊళ్లో అదే బియ్యం మిగిలిపోవచ్చు. పాత నెలల సగటు ఇలాంటి చోట సరిపోదు. తెలంగాణలో 2025 ఏప్రిల్‌లో దొడ్డుబియ్యం బదులు సన్నబియ్యం ఇవ్వడం మొదలైంది. అంతకుముందు బియ్యం వద్దనుకున్న కుటుంబాలు దుకాణానికి వస్తాయని ఏ పాత అంకె చెబుతుంది?

అందుకే ముగింపు నిల్వను సర్వర్ నుంచి కాకుండా గదిలోంచి తీసుకోవాలి. కోటా ఖరారయ్యే ముందు డీలర్, రెవెన్యూ సిబ్బంది కలిసి బస్తాలు తూచి ఆ బరువును యంత్రంలో ఎక్కించాలి. తేడా కనబడితే వచ్చే నెల బియ్యంలో కోత పెట్టకూడదు, బాధ్యుల దగ్గర డబ్బు రాబట్టాలి. ఎంఎల్ఎస్ పాయింటులో హమాలీలు బస్తా దించే చోట కూడా కాటా యంత్రానికి కలిసి ఉండాలి.