ఆగిన పట్టాలు, అడగని ప్రశ్నలు: మద్రాసు ట్రాం చరిత్రరచనపై ఉరవకొండ వైపు నుంచి ఒక విమర్శ

వ్యాససంగ్రహం

మద్రాసు నగరంలో 1895 నుంచి 1953 వరకు నడిచిన విద్యుత్ ట్రాముల చరిత్రను ప్రధానంగా రెండు రీతుల్లో చెబుతున్నారు. మొదటిది 'దేశంలో తొలి విద్యుత్ ట్రాం' అనే ఘనత కథ. రెండవది 'పాత మద్రాసు' జ్ఞాపకాల కథ. ఈ రెండింటిలోనూ నగరానికి వచ్చిపోయిన ప్రెసిడెన్సీ ప్రజలు కనిపించరు. మరోవైపు, 1953 నాటి ఆంధ్ర రాష్ట్రావతరణ చరిత్రల్లో మద్రాసు ఒక రాజకీయ వివాదాంశంగా మిగిలిందే గాని, ప్రజలు తిరుగాడిన నగరంగా నిలబడలేదు. ఈ రెండు చరిత్రరచనలను పక్కపక్కన ఉంచి, రైలు పట్టా చేరని ఉరవకొండ వంటి కరువు పీఠభూమి ఊరి దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మద్రాసు ట్రాములు, చరిత్రరచన, ఆంధ్ర రాష్ట్రం, దత్తమండలాలు, ఉరవకొండ, నగర జ్ఞాపకం

1. ఉపోద్ఘాతం

ఉరవకొండకు ట్రాముతో సంబంధం ఏమిటన్న ప్రశ్న సహజం. అనంతపురం జిల్లాలో పట్టుచీరల నేతకు, గవిమఠానికి పేరుపడిన ఈ ఊరికి ట్రాం మాట అటుంచి రైలు స్టేషనే లేదు. అయితే 1953 సెప్టెంబరు చివరి వరకు ఈ ఊరికి రాజధాని మద్రాసే. అనంతపురం జిల్లా 1882లో బళ్ళారి నుంచి విడివడి ఏర్పడినా, పైకోర్టు, సచివాలయం, విశ్వవిద్యాలయం, పత్రికా కార్యాలయాలు, పుస్తక ముద్రణాలయాలు అన్నీ మద్రాసులోనే ఉండేవి. ఉరవకొండ నుంచి అక్కడికి పోవలసినవారికి ఉత్తరాన ఉన్న గుంతకల్లు చేరి రైలెక్కడం ఒక ప్రధాన మార్గం. గుంతకల్లు, గుత్తి, కడప, రేణిగుంటల మీదుగా మద్రాసుకు సాగే ఆ దారి 1871లో రాయచూరు వద్ద బొంబాయి మార్గంతో కలిసింది. మద్రాసు సెంట్రల్ స్టేషన్‌లో దిగిన ప్రయాణికునికి ఎదురయ్యే నగర వాహనాల్లో ట్రాం ఒకటి.

కాబట్టి మద్రాసు ట్రాం మద్రాసువాసుల సొంత వస్తువు మాత్రమే కాదు. ప్రెసిడెన్సీ అంతటి నుంచి వ్యాజ్యాలకు, చదువులకు, ఉద్యోగాలకు, వ్యాపారాలకు వచ్చినవారందరికీ అది రాజధానిలోని తొలి అనుభవాల్లో భాగం. ప్రస్తుతం వాడుకలో ఉన్న ట్రాం చరిత్రల్లో ఈ సంగతికి చోటు లేకపోవడం చిన్న లోపం కాదు. అది చరిత్ర ఎవరి వైపు నుంచి రాస్తున్నారో తెలిపే లోపం.

2. 'మొదటిది' అనే ఘనత, దాని పరిమితి

మద్రాసులో విద్యుత్ ట్రాం 1895 మే 7న ప్రారంభమైంది. భారతదేశంలో విద్యుత్తుతో నడిచిన మొదటి ట్రాం వ్యవస్థ ఇదే. కలకత్తాలో గుర్రపు ట్రాం 1873లోనే మొదలైనా అక్కడ విద్యుత్ ట్రాం వచ్చింది 1902లో. బొంబాయిలో గుర్రపు ట్రాం 1874 నాటిది, విద్యుత్ ట్రాం 1907 నాటిది. ఢిల్లీ ట్రాం 1908లో మొదలైంది. ఈ క్రమంలో మద్రాసుది నిస్సందేహంగా అగ్రస్థానం.

అయితే ఘనత కథ ఇక్కడే ఆగిపోతుంది. మద్రాసులో మొదట వేసింది తలపై తీగ వ్యవస్థ కాదు. పట్టాల దగ్గర నేలలో సన్నని కాలువ వంటి గొట్టం ఏర్పరచి, అందులోని వాహకం నుంచి బండికి విద్యుత్తు అందించే పద్ధతి అది. వీథుల్లో స్తంభాలూ తీగలూ కనిపించకుండా ఉండటం దాని ఆకర్షణ. మద్రాసు వర్షాలకు ఆ గొట్టాల్లో నీరు నిండింది. వ్యవస్థ నిలవలేదు. చివరికి కంపెనీ తలపై తీగ పద్ధతికి మారవలసివచ్చింది. మొదటి కంపెనీ ఆర్థికంగా దెబ్బతిని ఆస్తులు చేతులు మారాయి. తరవాత 'మద్రాస్ ఎలక్ట్రిక్ ట్రామ్‌వేస్ (1904) లిమిటెడ్' పేరుతో ఏర్పడిన సంస్థే దీర్ఘకాలం ట్రాములను నడిపింది.

దీన్నిబట్టి తేలేది ఏమిటి? మద్రాసుకు దక్కిన మొదటిస్థానం ఒక ప్రయోగానికి దక్కిన మొదటిస్థానం. ఆ ప్రయోగం స్థానిక వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోలేదు. తొలి నష్టాన్ని పెట్టుబడి భరించింది, దీర్ఘకాలిక అస్థిరతను నగరం భరించింది. 'తొలి' అన్న మాట చుట్టూ కథ అల్లినప్పుడు ఈ వైఫల్యం ఒక ఆసక్తికరమైన ఉపకథగా మారిపోతుంది. నిజానికి 1953 నాటి ముగింపును అర్థం చేసుకోవడానికి మొదటి తాళంచెవి అక్కడే ఉంది. ట్రాం మద్రాసులో ప్రజాసేవగా పుట్టలేదు. లాభాపేక్షగల సంస్థ వ్యాపారంగా పుట్టింది, వ్యాపారంగానే లెక్కకు నిలబడవలసివచ్చింది.

3. బస్సు వచ్చి ట్రామును తోసివేసిందా?

1921 నాటికి మద్రాసులో 24 కిలోమీటర్ల పట్టాలపై 97 ట్రాం బండ్లు తిరిగేవి. అదే దాని ఉచ్చదశ. మౌంట్ రోడ్డు, ప్యారిస్ కార్నర్, పూనమల్లి రోడ్డు, రిప్పన్ భవనం పరిసరాలు ఆ జాలంలో ముఖ్యస్థానాలు. 1950 ప్రాంతానికి కంపెనీ దివాలా స్థితికి చేరింది. 1953 ఏప్రిల్ 12న ట్రాములు నిలిచిపోయాయి.

ఈ ముగింపుకు సాధారణంగా చెప్పే కారణం బస్సు. వేగంగా పోయే బస్సు ముందు నెమ్మదైన ట్రాం నిలవలేదన్నది ఈ వాదం. ఇందులో కొంత నిజం ఉంది. 1947లో మద్రాసు ప్రభుత్వం నగరంలో స్వయంగా బస్సులు నడపడం మొదలుపెట్టింది. కాని ఈ వాదం రెండు వాహనాలను సమానస్థాయి పోటీదారులుగా ఊహిస్తుంది. ట్రాం చట్టాల సాధారణ సూత్రం ప్రకారం పట్టాలు వేసిన సంస్థే వాటిని, వాటి మధ్యనున్న రోడ్డు భాగాన్ని బాగుచేయాలి. బస్సుకు ఆ బరువు లేదు. రోడ్డు ప్రజాధనంతో తయారవుతుంది, బస్సు దానిపై తిరుగుతుంది. తన దారిని తానే మోసుకుపోయే వాహనానికీ, ఇతరులు వేసిన దారిపై నడిచే వాహనానికీ మధ్య జరిగిన పోటీని కేవలం 'పాతదానిపై కొత్తదాని విజయం' అనడం సరికాదు.

అప్పటి ప్రపంచ పరిణామాలు కూడా ఈ సందర్భంలో గమనించదగినవి. పారిస్ 1938లో తన ట్రాములను ముగించింది. లండన్ 1952 జూలైలో ఆ పని చేసింది. కాన్పూరులో 1933లోనే ట్రాం ఆగింది. బొంబాయిలో 1964లో ఆగింది. కలకత్తాలో మాత్రం ఆ తరవాత కూడా నడిచింది. ఒకే సాంకేతికత, ఒకే కాలం, భిన్న ఫలితాలు. కనుక సాంకేతికత ముసలిదైపోవడం మాత్రమే కారణం కాజాలదు. ఎవరు కొనాలి, ఎవరు నడపాలి, నష్టం ఎవరు భరించాలి అన్న రాజకీయ నిర్ణయాలే అసలు కారణాలు.

ఈ కథలో శ్రామికుల స్థానం మరీ పలుచన. 1918లో మద్రాసు లేబర్ యూనియన్ ఏర్పడిన తరవాత నగరంలో కార్మికోద్యమం వేళ్ళూనింది. ఆ కాలంలో ట్రాం కార్మికులూ సంఘటితులయ్యారు. జ్ఞాపకాల కథలో డ్రైవరు కాలితో మోగించే గంట వినిపిస్తుంది. ఆ గంట ఆగిన మరునాడు అతని ఇంట్లో పొయ్యి వెలిగిందా అన్న ప్రశ్న మాత్రం వినిపించదు.

4. 1953: ఒకదాన్నొకటి చూడని రెండు చరిత్రలు

ట్రాములు ఆగిన తేదీని తెలుగు చరిత్ర పంచాంగంలో పెట్టి చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1952 అక్టోబరు 19న మద్రాసులోని బులుసు సాంబమూర్తి ఇంట పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15న ప్రాణత్యాగం చేశారు. డిసెంబరు 19న ప్రధాని నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ఏర్పాటును ప్రకటించారు. మద్రాసు నగరం అందులో లేదు. 1949 నాటి జె.వి.పి. కమిటీ నివేదికలోనే ఆ షరతు ఉంది. 1953 మార్చి 25న నెహ్రూ లోక్‌సభలో అక్టోబరు 1న రాష్ట్రం అవతరిస్తుందని చెప్పారు. ఆ ప్రకటన వెలువడిన పద్దెనిమిదవ రోజున మద్రాసు ట్రాములు నిలిచిపోయాయి.

ఈ రెండు సంఘటనల మధ్య కార్యకారణ సంబంధం ఉందని ఈ వ్యాసం వాదించడం లేదు. గమనించవలసింది మరొకటి. 'మద్రాసు మనదే' అన్న నినాదం మారుమోగిన నెలల్లోనే ఆ నగరంలోని ప్రజావాహనం మరణశయ్యపై ఉంది. ఆంధ్రోద్యమ చరిత్రలు నగరం ఎవరిదన్న ప్రశ్నకు వందల పుటలు కేటాయించాయి. నగరంలో సామాన్యుడు ఎలా తిరిగాడన్న ప్రశ్నకు ఆ చరిత్రల్లో చోటు దొరకలేదు. మద్రాసు ట్రాం కథలు ప్రతి మలుపునూ ప్రేమగా వర్ణించాయి. ఆ మలుపుల్లో తెలుగు వినిపించిన సంగతి వాటికి పట్టలేదు.

ఇదే సంవత్సరం కలకత్తాతో పోలిస్తే విషయం స్పష్టమవుతుంది. 1953 జూలైలో కలకత్తా ట్రాం కంపెనీ రెండవ తరగతి చార్జీని ఒక పైసా పెంచినందుకు నగరం భగ్గుమంది. ఆ ఆందోళన వంగ రాజకీయచరిత్రలో భాగమైంది. మరుసటి సంవత్సరం అక్టోబరులో కవి జీవనానంద దాస్ ట్రాం ఢీకొని మరణించారు. ఆ విధంగా వంగభాషలో ట్రాం అటు ఉద్యమచరిత్రలోను, ఇటు సాహిత్యచరిత్రలోను స్థిరపడింది. తెలుగు విషయంలో నగరం పోయింది, దానితోపాటు ట్రాం జ్ఞాపకానికి వారసులు లేకుండా పోయారు. వదులుకున్న నగరపు వీథులను గుర్తుపెట్టుకోవడం తమ పని కాదని తెలుగు చరిత్రరచన అనుకున్నట్లు కనిపిస్తుంది.

5. తెలుగు మద్రాసు: పట్టాల లోపల, పట్టాల వెలుపల

మద్రాసులో తెలుగు సాంస్కృతిక జీవనం ఒకే చోట ఉండలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో స్థాపించిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసుకు తరలివచ్చింది. జార్జిటౌనులోని తంబుచెట్టి వీథి దాని చిరునామా. పైకోర్టు, వర్తక వీథులు, ముద్రణాలయాలు ఉన్న ఈ ప్రాంతం ట్రాం జాలానికి కేంద్రం. తొలితరం పత్రికా, ప్రచురణ, న్యాయవాద జీవితం పట్టాల లోపలి జీవితం.

తరవాతి తరం చిత్రం వేరు. చందమామ పత్రిక, విజయా వాహినీ స్టూడియోలు, వాటిని ఆశ్రయించిన రచయితలు, నటులు చేరుకున్నది వడపళని, కోడంబాకం వైపు. అవి ట్రాం జాలానికి వెలుపలి స్థలాలు. ఇప్పటి తెలుగు పాఠకుని మనసులో 'మద్రాసు తెలుగువారు' అనగానే మెదిలేది ఈ రెండవ నగరమే. సినిమా జ్ఞాపకాలు విస్తరించినకొద్దీ జార్జిటౌను తెలుగు వెనక్కి పోయింది. ట్రామును తెలుగు జ్ఞాపకం మరచిపోవడానికి రాష్ట్ర విభజన ఒక్కటే కారణం కాదు. మద్రాసు తెలుగు జీవితపు కేంద్రం పట్టాలు లేని దిశకు జరగడం మరో ముఖ్యకారణం. పాత మద్రాసు తెలుగు జీవితంపై పరిశోధించేవారు వ్యక్తుల జీవితచరిత్రలతో పాటు వీథుల పటాన్ని కూడా ముందు పెట్టుకోవలసిన అవసరం ఇక్కడే ఉంది.

6. ఉరవకొండ నుంచి చూస్తే

కరువు పీఠభూమిలో పట్టాకు వేరే అర్థం ఉంది. 1876–78 మహాక్షామం మద్రాసు ప్రెసిడెన్సీని, అందులోను అప్పటి బళ్ళారి జిల్లాను తీవ్రంగా దెబ్బతీసింది. దాని తరవాత 1880 నాటి క్షామ కమిషన్ కరువు ప్రాంతాలకు ధాన్యం చేరవేయడానికి రక్షణ రైలుమార్గాలు అవసరమని సిఫార్సు చేసింది. అంటే దత్తమండలాల్లో ఇనుప పట్టా ఆకలికి జవాబుగా ఆలోచించిన వస్తువు. పదిహేనేళ్ళ తరవాత మద్రాసు వీథిలో పరచిన పట్టా నగర వాణిజ్యానికి, ప్రయాణ సౌకర్యానికి ఉద్దేశించినది. ఒకే లోహం, ఒకే పాలన, రెండు ప్రయోజనాలు. అక్కడ అధిక వర్షం తొలి ట్రాం వ్యవస్థను చెడగొట్టింది. ఇక్కడ వర్షం లేకపోవడమే రైలు చర్చకు మూలమైంది. ఈ రెండింటినీ కలిపి చదివినప్పుడే ప్రెసిడెన్సీ రవాణాచరిత్ర పూర్తి అవుతుంది.

ఈ దృష్టి జ్ఞాపకాల కథను మరో విధంగా కూడా పరీక్షిస్తుంది. 'ఆగిపోయిన ట్రాం' అని బాధపడే హక్కు అది ఒకప్పుడు నడిచిన చోటుకే ఉంటుంది. ఉరవకొండ వంటి ఊళ్ళకు ఆగిపోవడం కన్న అసలు రాకపోవడమే అనుభవం. పోయినదాన్ని తలచుకునే రచనకు ఆర్కైవు దొరుకుతుంది: ఫొటోలు, టిక్కెట్లు, పటాలు. రానిదానికి అర్జీలు తప్ప ఆనవాళ్ళు మిగలవు. నగర జ్ఞాపకాలను మాత్రమే ఆధారాలుగా తీసుకునే చరిత్రరచన ఈ అసమానతను తెలియకుండానే కొనసాగిస్తుంది.

అనంతపురం జిల్లా తరిమెలలో పుట్టిన విద్వాన్ విశ్వం 1952లో మద్రాసు నుంచి వెలువడిన ఆంధ్రప్రభ వారపత్రికకు సంపాదకులు. ట్రాములు ఆగిన ఏడాది ఆయన పని చేసిన నగరం అదే. కాని ఆయనకు శాశ్వతకీర్తి తెచ్చిన 'పెన్నేటి పాట'కు వస్తువు పెన్నాతీరపు కరువు బతుకు. ఉరవకొండ సమీపంలోని పెన్నహోబిలం వద్ద పారే పెన్న కూడా ఆ నదే. నగరంలో ఉంటూ పీఠభూమిని రాయడం ఆ తరం రాయలసీమ రచయితల ఎంపిక. విమర్శ ఆ ఎంపికను గౌరవిస్తూనే, దాని మరో పార్శ్వాన్ని కూడా గుర్తించాలి. పీఠభూమి నుంచి వెళ్ళినవారు నగరాన్ని రాయకపోతే, నగరచరిత్రలో పీఠభూమి ఉండదు.

7. ఉపసంహారం

మద్రాసు ట్రాం చరిత్రను 'తొలి' అన్న ఘనతగా గాని, పాత నగరపు తీపి గుర్తుగా గాని చెప్పినప్పుడు దాని యాజమాన్యం, శ్రామికులు, దూరప్రాంత ప్రయాణికులు అనే మూడు అంశాలు జారిపోతున్నాయి. ఆంధ్ర రాష్ట్రావతరణ చరిత్రను రాజధాని వివాదంగా మాత్రమే చెప్పినప్పుడు, ఆ రాజధానితో రాయలసీమ సామాన్యునికి ఉన్న దైనందిన బంధం జారిపోతున్నది. ఆ బంధం ఒక్కరోజులో తెగలేదు. 1953 అక్టోబరు 1న రాష్ట్రం, కర్నూలులో రాజధాని ఏర్పడినా, ఆంధ్ర పైకోర్టు గుంటూరులో మొదలైంది 1954 జూలై 5న. ఆ తొమ్మిది నెలలూ అనంతపురం జిల్లా కక్షిదారుడు మద్రాసుకే వెళ్ళాడు. అప్పటికి ఆ వీథుల్లో ట్రాం లేదు.

1952–54 నాటి తెలుగు దిన, వారపత్రికల స్థానిక వార్తలు, మద్రాసు శాసనసభ చర్చలు, కార్మిక వివాదాల తీర్పులు, దత్తమండలాల కుటుంబాల్లో మిగిలిన ఉత్తరాలు, లెక్కల పుస్తకాలు ఈ దిశలో పరిశీలించదగిన ఆధారాలు. వాటిని నగరం వైపు నుంచే కాక, గుంతకల్లులో రైలెక్కినవారి వైపు నుంచి చదివినప్పుడు ఆగిపోయిన 24 కిలోమీటర్ల పట్టా చరిత్ర ఒక నగరపు జ్ఞాపకంగా కాక ఒక ప్రెసిడెన్సీ చరిత్రగా నిలుస్తుంది.