గాజుకు చోటిచ్చిన రాయి

పారిస్‌కు నైరుతి దిశన ఉన్న షార్త్ర్ పట్టణంలో, బిషప్ పీఠం ఉండే ప్రధాన చర్చి, అంటే కేథడ్రల్, 1194లో చాలావరకు కాలిపోగా, దాని పునర్నిర్మాణం సుమారు 1220 నాటికే ముఖ్యభాగాల్లో పూర్తయి, 1260లో రాజు తొమ్మిదో లూయీ సమక్షంలో ప్రతిష్ఠ జరిగింది. ఈ చర్చికి పేరు తెచ్చినవి రంగుగాజు కిటికీలే అయినా, వాటికి చోటు కల్పించిన రాతిపనిని పక్కనపెట్టి చూస్తే ఆ కళ సగమే అర్థమవుతుంది.

దాదాపు 37 మీటర్ల ఎత్తున ఉన్న రాతికప్పు బరువును, ఒకదాన్నొకటి ఖండిస్తూ సాగే రాతి కమానులు స్తంభాల మీదికి చేరుస్తాయి. ఆ బరువు స్తంభాలను బయటికి నెట్టకుండా, గోడకు ఎడంగా నిలిచిన దిమ్మెల నుంచి గాలిలో వంగి వచ్చి ఆనుకునే అర్ధకమానులు, అంటే ఫ్లయింగ్ బట్రెస్‌లు, ఊతమిస్తాయి. ఈ ఏర్పాటుతో బరువు మోసే బాధ్యత చాలావరకు తప్పిపోయిన గోడను తెరిచి, వేల చదరపు అడుగుల గాజును నిలపడం సాధ్యమైంది.

గాజుపని కూడా అంతే నిశితమైనది. ఇసుకను, చెట్ల బూడిదను కలిపి కరిగించి, కోబాల్టుతో నీలం, రాగితో ఎరుపు తెప్పించేవారు. అయితే రాగి ఎరుపు మందమైతే నల్లబడి వెలుగును ఆపేస్తుంది కనుక, దాన్ని రంగులేని గాజు మీద పలుచని పొరగానే పరిచేవారు. సున్నం పూసిన బల్లపై బొమ్మ గీసుకుని, దాని ప్రకారం గాజును కాల్చిన ఇనుముతో ముక్కలు చేసి, కనుముక్కు తీరును, బట్టల ముడతలను గాజుపొడి, లోహపుపొడి కలిపిన నల్లరంగుతో దిద్ది, కొలిమిలో కాల్చి, సీసపు పట్టీలతో కూర్చేవారు. ఆ పట్టీ ముక్కలను పట్టి ఉంచుతూనే బొమ్మకు గీతగా కూడా పనిచేస్తుంది.

పవిత్రగాథలను చూపే అనేక కిటికీల అడుగుభాగాన రొట్టెలు కాల్చేవారు, చెప్పులు కుట్టేవారు, వడ్రంగులు తమ తమ పనుల్లో మునిగి కనిపించడం, శ్రమకు దైవసన్నిధిలో దక్కిన గౌరవంగా మనసును కదిలిస్తుంది. 1939లో యుద్ధం ముంచుకొచ్చినప్పుడు ఈ గాజును విప్పి దాచి, తర్వాత తిరిగి నిలపగలిగారంటే, అది పలకలుగా ఇనుపచట్రాల్లో కూర్చినది కావడమే అందుకు వీలు కల్పించింది. ఇలాంటి కట్టడాన్ని కాపాడాలనుకునే సమాజం దాని రూపంతోపాటు, రాయి చెక్కే, గాజు కూర్చే విద్యలనూ తర్వాతి తరానికి నేర్పి తీరాలి.