పాటను వదిలేసిన జీవితకథ: బిల్లీ హాలిడే కళ, ఆమెపై తీసిన చిత్రం

అమెరికన్ జాజ్ గాయని బిల్లీ హాలిడే జీవితం ఆధారంగా 1972లో వచ్చిన ‘లేడీ సింగ్స్ ది బ్లూస్’ చిత్రం ప్రేక్షకుల ఆదరణతో పాటు ఐదు ఆస్కార్ నామినేషన్లు కూడా సంపాదించుకున్నప్పటికీ, ఆ గాయని గొప్పతనం ఎందులో ఉందో మాత్రం చెప్పలేకపోయింది. మోటౌన్ రికార్డు సంస్థ అధినేత బెర్రీ గోర్డీ పూనికతో, సిడ్నీ ఫ్యూరీ దర్శకత్వంలో తయారైన ఈ చిత్రంలో కథానాయిక డయానా రాస్. నటిగా ఆమెకు అదే తొలి చిత్రం. బాల్యంలోని దైన్యం, వేశ్యాగృహం, మాదకద్రవ్యాలు, జైలు, ప్రేమ, పతనం అన్నీ ఇందులో ఒకదాని వెంట ఒకటి వస్తాయి, పాటలకూ కొదవ లేదు. పాట ఎలా తయారవుతుందన్న సంగతే ఎక్కడా కనిపించదు. దుఃఖం ఉంటే చాలు, పాట దానంతటదే పుట్టుకొస్తుందన్న భావన చిత్రం పొడుగునా నడుస్తుంది. హాలిడే సంగీతానికి ఇంతకు మించిన అన్యాయం లేదు.

1915లో ఫిలడెల్ఫియాలో పుట్టి, బాల్టిమోర్‌లో పెరిగి, చిన్న వయసులోనే న్యూయార్క్‌లోని హార్లెంకు చేరిన హాలిడే ఏ గురువు దగ్గరా సంగీతం నేర్చుకోలేదు. ఆమె గొంతు పలికే మేర సుమారు ఒకటిన్నర స్థాయి మాత్రమే, అంటే మధ్య షడ్జంతో మొదలుపెడితే తారస్థాయి సగానికి వచ్చేసరికి ఆగిపోయే గొంతు. గ్రామఫోను రికార్డుల్లో విన్న బెస్సీ స్మిత్ గానంలోని నిండుదనమూ, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ పాటలోనూ ట్రంపెట్‌లోనూ ఉన్న లయ స్వేచ్ఛా ఆమెకు పాఠాలయ్యాయి. హాలు చివరి వరుస దాకా వినపడేలా గొంతెత్తి పాడవలసిన అవసరాన్ని మైక్రోఫోను అప్పటికే తీసేసింది కనుక, పక్కన కూర్చున్న మనిషితో మాట్లాడేంత సన్నని స్వరంలో పాడి, ఆ సన్నదనంలోనే వందల తేడాలు చూపించడం ఆమెకు సాధ్యమైంది.

ఆ తేడాల్లో మొదట చెప్పవలసింది లయతో ఆమె వ్యవహరించిన తీరు. జాజ్ బృందంలో పియానో, గిటారు, డబుల్ బాస్, డ్రమ్స్ కలిసి లయను మోసే భాగాన్ని రిథమ్ సెక్షన్ అంటారు. ఆ భాగం తు.చ. తప్పకుండా నడుస్తుండగా, హాలిడే తన చరణపాదాన్ని దరువు మీద కాక కొంచెం వెనగ్గా మొదలుపెట్టి, మధ్యలో ఒక మాటను సాగదీసి, మరో రెండు మాటలను దగ్గరగా తోసి, పాదం ముగిసే చోటికి అలవోకగా వచ్చి కలుస్తుంది. తాళం మొదలైన తరువాత పాట ఎత్తుకునే అనాగత ఎడుపు కర్ణాటక సంగీతం తెలిసిన శ్రోతకు కొత్త కాదు. అయితే ఆ ఎడుపుకు అర అక్షరమో ముప్పావు అక్షరమో ఒక లెక్క ఉండగా, హాలిడే వెనకబాటుకు నిర్ణీతమైన కొలత లేదు, ఒకే పాట రెండుసార్లు పాడితే రెండుసార్లూ అది వేరుగానే ఉంటుంది. కొలత లేకపోయినా లయ జారదు. డ్రమ్స్ ఎక్కడ ఉన్నాయో లోపల ఖచ్చితంగా తెలిసిన మనిషే అంత నిబ్బరంగా ఆలస్యం చేయగలదు.

రెండోది వరుసను మార్చి పాడటం. ఆ కాలపు జనరంజక గీతం సాధారణంగా ముప్పైరెండు బార్ల నిర్మాణం, బార్ అంటే ఒక తాళావర్తం వంటి కొలత. సంగీతకర్త పైకీ కిందికీ దూకించిన వరుసను హాలిడే రెండు మూడు స్వరాలకు కుదించి, ఒకే స్వరాన్ని పదేపదే పలికి, పాటను మాటకు దగ్గరగా తెచ్చేది. స్వరాన్ని నిటారుగా పట్టుకుని, కంపనాన్ని చివరి క్షణానికి దాచి, విడిచే ముందు కొద్దిగా కిందికి జార్చేది. గొంతుకున్న పరిమితిని ఆమె ఇలా ఒక శైలిగా మలచుకుంది.

ఇది వినపడాలంటే 1937 జూన్‌లో రికార్డయిన ‘ఎ సెయిల్‌బోట్ ఇన్ ద మూన్‌లైట్’ ఒక్కటి చాలు. గై లొంబార్డో బృందం ఆ ఏడాదే ప్రచారంలోకి తెచ్చిన చాలా సాదా ప్రేమగీతమది. హాలిడే పాదాల మధ్య విడిచిన ఖాళీల్లోనూ, ఆమె పాడుతుండగా ఆ పాటకు కాస్త వెనకగానూ లెస్టర్ యంగ్ టెనర్ శాక్సఫోన్ నడుస్తుంది. గాయకుడి వెనక వాద్యం అల్లే ఇలాంటి ఉపవరుసను ఆబ్లిగాటో అంటారు. ఆమె జార్చిన స్వరాన్ని అతడు అందుకుంటాడు, అతడు వంచిన మలుపును ఆమె తరువాతి పాదంలో తిప్పుతుంది, కొన్నిచోట్ల ఎవరు ఎవరిని అనుసరిస్తున్నారో చెప్పడం కష్టం. ఆమెకు ‘లేడీ డే’ అన్న పేరు పెట్టింది యంగే, అతణ్ణి ‘ప్రెజ్’ అని పిలిచింది ఆమె. ఒకరి పాట మరొకరు వినడంలోంచి పుట్టిన సంగీతమిది.

చిత్రంలో లెస్టర్ యంగ్ లేడు. 1935 నుంచి ఆమె రికార్డులకు ఆధారంగా నిలిచిన పియానిస్టు టెడ్డీ విల్సన్ లేడు, ఆమె పాడిన బృందాల నాయకులు కౌంట్ బేసీ, ఆర్టీ షా లేరు. వారందరి బదులు రిచర్డ్ ప్రయర్ ధరించిన ‘పియానో మ్యాన్’ అనే కల్పిత పాత్ర ఉంది. ఆఖరి భర్త లూయీ మెకే ఉద్ధారకుడైన ప్రేమికుడిగా కనిపిస్తాడు. సహవాద్యకారులను తీసేశాక మిగిలేది ఒంటరి బాధితురాలే. తప్పు డయానా రాస్‌ది కాదు. ఆమె హాలిడేను అనుకరించకుండా తన గొంతుతోనే పాడటం నిజాయితీ గల నిర్ణయం, నటనలోనూ లోపం లేదు. కాని ఆమెది దరువు మీద నడిచే పాట. వెనకబడి పాడటంలోని అర్థాన్ని కథ ఎక్కడా అడగలేదు కనుక చూపవలసిన బాధ్యత ఆమె మీద పడలేదు.

‘స్ట్రేంజ్ ఫ్రూట్’ విషయంలో జరిగిన లోపం మరింత బాధిస్తుంది. మూకహత్యకు గురైన నల్లజాతి మనిషి శవాన్ని దారిపక్కన చూసి చలించి ఆమె ఆ పాట పాడినట్లు చిత్రం చూపుతుంది. నిజానికి దాన్ని రాసింది ఏబెల్ మీరోపోల్ అనే న్యూయార్క్ ఉపాధ్యాయుడు. 1939లో కెఫే సొసైటీ అనే క్లబ్బులో హాలిడే దాన్ని పాడటం మొదలుపెట్టింది. వడ్డన ఆపించి, దీపాలార్పించి, ముఖం మీద ఒక్క వెలుతురు మాత్రం ఉంచి, తనకు అలవాటైన స్వింగును, అంటే ఊగే నడకను, దాదాపు పూర్తిగా వదిలి ఆమె ఆ పాట పాడేది. తన రికార్డులు వేసే కొలంబియా సంస్థ నిరాకరిస్తే కొమొడోర్ అనే చిన్న సంస్థలో రికార్డు చేయించింది. ఇంత ఆలోచన, ఇంత తెగువ ఉన్న పనిని క్షణికమైన ఆవేశంగా చూపితే కళాకారిణి కనుమరుగవుతుంది.

1947లో మాదకద్రవ్యాల కేసులో శిక్ష పడ్డాక, మద్యం అమ్మే న్యూయార్క్ క్లబ్బుల్లో పాడటానికి కావలసిన కేబరే కార్డు అనే పోలీసు అనుమతిని ఆమె కోల్పోయింది. 1948లో కార్నెగీ హాలులో కచేరీ చేసింది. చిత్రం అక్కడే ముగిసి, తరువాతి జీవితమంతా పత్రికా శీర్షికలుగా తెర మీద దొర్లిపోతుంది. ఆ తరువాత ఆమె ఇంకా పదకొండేళ్లు బ్రతికింది, పాడింది. గొంతు బొంగురుపోయి, మేర మరింత తగ్గిన ఆ కాలంలో పదాన్ని ఎక్కడ ఆపాలి, ఎంత ఊపిరి మిగల్చాలి అన్న వివేకం పదునెక్కింది. 1958 నాటి ‘లేడీ ఇన్ సాటిన్’ వింటే ఇది తెలుస్తుంది.

1957 డిసెంబరు 8న సీబీఎస్ టెలివిజన్ ప్రసారం చేసిన ‘ద సౌండ్ ఆఫ్ జాజ్’ కార్యక్రమం, చిత్రం చేయలేని పనిని కొద్ది నిమిషాల్లో చేసింది. వాద్యకారుల మధ్య కూర్చుని హాలిడే తన ‘ఫైన్ అండ్ మెలో’ పాడుతుంది. పన్నెండు బార్ల బ్లూస్ అది, అంటే పన్నెండు బార్లకొక ఆవృత్తి పూర్తయ్యే నిర్మాణం. అప్పటికే అనారోగ్యంతో ఉన్న లెస్టర్ యంగ్ లేచి ఒకే ఒక్క ఆవృత్తి, అతి తక్కువ స్వరాలతో వాయిస్తాడు. కెమెరా అతని మీద నుంచి ఆమె ముఖం మీదికి వెళ్తుంది: ఆమె తల ఊపుతూ, చిరునవ్వుతో, ఒక్కొక్క స్వరాన్నీ గుర్తుపడుతున్నట్లు వింటుంది. 1959 మార్చిలో యంగ్, జూలైలో హాలిడే మరణించారు.

2021లో లీ డేనియల్స్ తీసిన ‘ద యునైటెడ్ స్టేట్స్ వర్సెస్ బిల్లీ హాలిడే’ చిత్రంలో యంగ్ పాత్ర ఉంది, ఆండ్రా డే గొంతు హాలిడే చివరి కాలపు గొంతుకు ఆశ్చర్యం కలిగించేంత దగ్గరగా ఉంది. అక్కడా కథ మాదకద్రవ్యాల శాఖ సాగించిన వేట చుట్టూ, ఆ శాఖ ఉద్యోగితో ప్రేమ చుట్టూ తిరుగుతుంది. రిహార్సల్ గదిలోకో, రికార్డింగు స్టూడియోలోకో కెమెరాతో వెళ్లి, ఆమె ఒక పాదాన్ని ఎందుకు ఆలస్యంగా ఎత్తుకుందో ఓపికగా గమనించే దర్శకుడి కోసం హాలిడే కథ ఇంకా ఎదురుచూస్తూనే ఉంది.